తవ్విన చోటే తవ్వే ఓడ

మా ఇంటి సంపు ఏడాదికోసారి కడుగుతాం. నీళ్లన్నీ తోడేశాక అడుగున వేలు మందాన బురద మిగులుతుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దినా గింజ తగలదు, అంత మెత్తన. ఏడాది పొడుగునా ఆ నీళ్లే తాగాం, ఆ నీళ్లతోనే వండుకున్నాం. గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసిన రోజులూ ఉన్నాయి. ఏమీ కనబడలేదు. మరి ఇంత మన్ను ఎప్పుడొచ్చింది, ఏ బిందెడు నీళ్లతో వచ్చింది? బకెట్లకెత్తి కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తుంటే మా ఆవిడ నవ్వింది. "ఏటా తీసేదే గద, ఈసారేంది అట్ల చూస్తున్నరు?" అంది. నిజమే, ఏటా తీసేదే. తీసినదాన్నే మళ్లీ తీయడమనే ఈ పని ఎందుకో ఆ పూట నన్ను పట్టుకుని వదల్లేదు. పని అంటే ఒకసారి చేసి చేతులు కడుక్కునేది అని మనకు లోపలెక్కడో ఒక నమ్మకం ఉంటుంది. ఇల్లు కడితే అయిపోతుంది. బావి తవ్వితే అయిపోతుంది. అయిపోని పనులను మనం పనుల కింద లెక్కే వేయమేమో?

మా కోడేరు చుట్టుపక్కల మన్ను పని తెలియని ఇల్లు తక్కువ. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పార, గడ్డపార, తట్ట మూట కట్టుకుని, ఏ డ్యాము కట్టకో ఏ కాల్వ గట్టుకో పోయి నెలల తరబడి అక్కడే గుడిసెలేసుకుని బతికి వచ్చిన పాలమూరు మనుషులు మావాళ్లు. వాళ్లు తవ్విన కాల్వల దగ్గర శిలాఫలకాలున్నాయి. వాటి మీద వాళ్ల పేర్లు తప్ప అందరి పేర్లూ ఉన్నాయి. అది బయటి మన్ను పని. ఊళ్లో ఉన్నప్పుడు ఇంకో మన్ను పని ఉండేది. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి పూడికమన్ను చేలకు తోలేవాళ్లు. మా ఎర్రచెల్కలకు ఆ నల్లమన్ను పడితే తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. చెరువుకు చెరువు లోతయ్యేది, చేనుకు చేను బలిసేది. దానికి శిలాఫలకం ఎవరూ వేయలేదు, వేయాలని ఎవరికీ తోచనూ లేదు. తర్వాత ఎడ్లబండ్లు పోయి ఎరువుల బస్తాలు వచ్చాయి. చెరువులో తుమ్మలు లేచాయి. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఇటాచీలు చెరువుల్లో దిగాయి. రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువులను లెక్కలోకి తీసుకున్న పథకం అది. ఆ పనిలో నాకు బాగా గుర్తున్నది యంత్రం కాదు. తవ్విన గుంతల్లో అక్కడక్కడ తవ్వకుండా వదిలేసిన మట్టి దిమ్మెలు. ఎంత లోతు తీశారో ఆ దిమ్మె ఎత్తును బట్టి కొలిచి బిల్లు రాస్తారు. అంటే తీసిన పనిని చూపించాలంటే కొంత తీయకుండా ఉంచాలి. ఈ పనికి ఉన్న చిక్కంతా అక్కడే ఉందనిపించింది. కట్టిన గోడ తనకు తానే కనబడుతుంది. తీసేసిన మన్ను కనబడదు.

చెరువు సంగతి సరే, మా పక్కనే శ్రీశైలం వెనుక జలాలున్నాయి. కొల్లాపూర్ దాటి సోమశిల రేవుకు పోతే కృష్ణ నదిలా కాదు, సముద్రపు ముక్కలా ఉంటుంది. వేసవిలో నీళ్లు వెనక్కి పోయాక మాత్రం అసలు రూపం బయటపడుతుంది. మైలు పొడుగునా ఆరిన ఒండ్రు, పగుళ్లలో అరచేయి పడుతుంది. పెంకు ఎత్తి చూస్తే ఒక పొర మీద ఒక పొర, ప్రతి వరదా తన వంతు పరిచి వెళ్లినట్టు తెలిసిపోతుంది. మునిగిన ఊళ్ల గోడలు మోకాలెత్తున తేలుతాయి. ఆ మొండిగోడల మధ్యే రైతులు దొరికినన్ని రోజులకు ఏదో ఒక పంట వేసుకుంటారు. అవతలి ఒడ్డున సంగమేశ్వరుడి గుడి తేలినప్పుడు పూజారులు ముందు బురద తీసి కడగాలి, ఆ తర్వాతే వేపదారు లింగానికి పూజ. దేవుడికైనా పూడిక తీత తప్పలేదు. ప్రాజెక్టు కట్టినప్పుడు అందులో 308 టీఎంసీలు పడతాయన్నారు. ఇప్పుడు రోజూ పేపర్లో వచ్చే నీటిమట్టాల పట్టిక చూడండి, నిండినా 215.8 టీఎంసీలే. పైనున్న జూరాలకు 11.94 ఉండాల్సింది 9.66 అయింది. తుంగభద్రకు 133 ఉండాల్సింది 106కు దిగింది. కిందున్న సాగర్ 408 నుంచి 312కు వచ్చింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఏ గేటూ విరగలేదు. సంపు అడుగున జరిగిందే ఇక్కడా జరిగింది.

ఒకసారి సోమశిల దగ్గర చాయ హోటల్లో ఈ మాటే వచ్చింది. నేను విశాఖపట్నంలో చూసిన డ్రెడ్జర్ల సంగతి చెబుతుంటే, చేపల వలలు బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే అడిగాడు: "సముద్రం అడుగు తవ్వే ఓడలుంటె, ఒకటి మన కృష్ణకు తెచ్చి పూడిక తీయొచ్చు గద సారూ? ఎందుకు తెస్తలేరు?" హోటల్లో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంత సూటి ప్రశ్న ఇంజనీర్ల సభల్లో కూడా వినలేదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ఓడ ఏమిటో చెప్పాలి.

విశాఖ రేవే తవ్వకంతో పుట్టింది. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న చిత్తడి నేలను తవ్వి ఇన్నర్ హార్బర్ చేశారు. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభించాడు. మన తూర్పు తీరం వెంట అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తూ ఉంటాయి. ఆ ఇసుక రేవు నోట్లో పడకుండా డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. ఓడలు రావడానికి ఓడలనే ముంచడం! 1976లో బయటి హార్బర్ కూడా సిద్ధమైంది. అదే ఏడాది డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయమూ విశాఖలోనే. ఆ సంస్థ ఓడల పేర్లు చదివితే విచిత్రంగా ఉంటుంది. మామూలు ఓడలకు నదుల పేర్లు, దేవతల పేర్లు, నాయకుల పేర్లు పెడతారు. వీటిలో చాలావాటికి అంకెలే. డ్రెడ్జ్ 15, డ్రెడ్జ్ 17, డ్రెడ్జ్ 21, అది కూడా రోమన్ అంకెల్లో. హల్దియాకు పోయే హుగ్లీ దారి పూడకుండా ఏళ్ల తరబడి తవ్విన ఓడలకు ఎవరూ పేరు పెట్టలేదు. కాంట్రాక్టు కూలీలను మస్టర్ రోల్లో నంబర్లతో రాసుకోవడం గుర్తొచ్చింది నాకు. ఈ మధ్యనే కొచ్చిన్ షిప్‌యార్డులో డచ్చివాళ్ల డిజైనుతో కడుతున్న కొత్తదానికి మాత్రం గోదావరి అని పేరు పెట్టారు. 2025 అక్టోబరులో దాన్ని నీళ్లలోకి దించారు. 127 మీటర్ల పొడవు. దాని తొట్టిలో 12 వేల ఘనపు మీటర్లు పడుతుంది.

తొట్టి అన్నాను కదా, ఓడంతా ఆ తొట్టే. ఒకప్పుడు డ్రెడ్జర్ మీద పనిచేసి దిగిన మా దూరపు బంధువు ఒకాయన ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని నాకు ఇదంతా చెప్పాడు. మామూలు సరుకు ఓడకు నడుము గట్టిగా ఉండాలి, అలల మీద వంగేది అక్కడే. ఈ ఓడకు సరిగ్గా నడుములోనే పైకి తెరిచి ఉన్న పెద్ద గొయ్యి, ఆ గొయ్యి అడుగున మళ్లీ తలుపులు. అందుకే దీని పక్కల ఉక్కు, తొట్టి గోడల ఉక్కు మామూలు లెక్కతో సరిపోదు. సరుకు ఓడ ఒక రేవులో నింపుకుని వారాల తర్వాత ఇంకో రేవులో దించుకుంటుంది. ఇది రోజుకు నాలుగైదుసార్లు నిండి, నాలుగైదుసార్లు ఖాళీ అవుతుంది. నిండినప్పుడల్లా ఒకలా వంగుతుంది, ఖాళీ అయినప్పుడల్లా ఇంకోలా. ఏళ్ల తరబడి ఆ వంగడాన్ని తట్టుకునేలా అతుకులు వేయాలి. ఇంకో సంగతి ఉంది, నాకు బాగా నచ్చింది. నిండిన డ్రెడ్జర్ నీళ్లలో మిగతా ఓడల కంటే లోతుకు దిగడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎందుకంటే ప్రమాదం ముంచుకొస్తే అడుగు తలుపులు తెరిచి మోసేదంతా నిమిషాల్లో వదిలేసి పైకి తేలగలదు. మోసేదాన్ని ఏ క్షణమైనా దించేయగలిగినవాడికి కాస్త ఎక్కువ మోసే హక్కు ఇచ్చారన్నమాట.

ఇక తవ్వడం. ఓడ పక్కన పడుకోబెట్టిన పొడవాటి ఉక్కు గొట్టం ఉంటుంది. దాన్ని మూడు చోట్ల ఉక్కు తాళ్లతో పట్టుకుని అంచు దాటించి నీళ్లలోకి దించుతారు. గొట్టం కొసన వెడల్పాటి నోరు, దాన్ని డ్రాగ్‌హెడ్ అంటారు. నోటికి పళ్లు, పళ్ల మధ్య నీటి జెట్లు. రాళ్లు, తాళ్లు, టైర్లు లోపలికి పోకుండా అడ్డంగా కమ్మీలు. ఓడ మనిషి నడిచే వేగంతో, అంతే, నెమ్మదిగా పోతుంటే ఆ నోరు అడుగును గీక్కుంటూ వెంట వస్తుంది. లోపలి పంపు మన్నూ నీళ్లూ కలిపి లాగి తొట్టిలో పోస్తుంది. అలకు ఓడ లేచినా నోరు మాత్రం అడుగును వదలకూడదు. అందుకని తాడు దారిలో ఒక హైడ్రాలిక్ సిలిండరు పెట్టి, ఓడ లేస్తే తాడు వదిలేలా, దిగితే లాగేలా చేస్తారు. లాగిన దాంట్లో మన్ను కన్నా నీళ్లే చాలా ఎక్కువ. తొట్టిలో పడ్డాక ఇసుక అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు ఒక నిలువు గొట్టం అంచు దాటి కిందికి, తిరిగి సముద్రంలోకి పోతాయి. అక్కడ నేనాయన్ని ఆపాను. అంటే ఇదీ సంపే కదా! మా ఇంట్లో నేను వద్దనుకున్నదే ఆ తొట్టిలో కావాలనుకుని చేస్తున్నారు. "ఆ, అంతే మాస్టారూ" అన్నాడు. "ఇసకైతే గంటలో కూకుంటాది. మీ సంపులోలాంటి మెత్తటి బురదైతే కూకోదు, నీళ్లతోపాటే పోతాది. దాంతో తొట్టి నింపడం మా చెడ్డ కష్టం." పంపు లోపలి ఉక్కును ఇసుక అరగదీస్తుంది, దాని పలకలు మారుస్తూ ఉండాలి. డ్రాగ్‌హెడ్ పళ్లు సరే సరి. రేవును తవ్వే ఓడను ఆ రేవు ఇసుకే నెమ్మదిగా తినేస్తుంటుంది.

నేల గట్టిదైతే ఈ రకం ఓడ పనికిరాదు. దానికి కట్టర్ సక్షన్ డ్రెడ్జర్ కావాలి. దాని వెనక రెండు ఉక్కు కాళ్లుంటాయి, ఒకటి నేలలో దింపి దాని చుట్టూ ముందు భాగాన్ని ఎడమకూ కుడికీ ఊపుతూ, తిరిగే కట్టర్‌తో అడుగు కోసుకుంటూ పోతుంది. ఒక వరస అయ్యాక కాలు మార్చి అడుగు ముందుకు వేస్తుంది. చిన్న రకాలను ముక్కలుగా విప్పి లారీల మీద ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. కాబట్టి పెద్దాయన ప్రశ్నకు మొదటి సగం జవాబు దొరికింది. 127 మీటర్ల ఓడ డ్యాము ఎక్కి శ్రీశైలంలోకి రాదు గానీ, చిన్నది సోమశిలకు రావచ్చు. రెండో సగం కోసం కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. శ్రీశైలం పోగొట్టుకున్నది 92 టీఎంసీల పైమాట, అంటే దాదాపు 261 కోట్ల ఘనపు మీటర్లు. గోదావరి అనే ఆ పెద్ద ఓడనే ఎలాగో తెచ్చామనుకుందాం, ప్రతిసారీ నీళ్లు లేకుండా మన్నుతోనే తొట్టి నిండిందనీ అనుకుందాం. రెండు లక్షల పదిహేడు వేల ట్రిప్పులు. రోజుకు నాలుగు చొప్పున సెలవు లేకుండా తిరిగితే 149 ఏళ్లు. ఈలోపు వచ్చే వరదలు తెచ్చే ఒండ్రు ఈ లెక్కలో లేదు. సరే, పది ఓడలు తెచ్చి పదిహేనేళ్లలో తీశారనుకుందాం. ఎక్కడ పోస్తారు? మీటరు మందాన పరిస్తే ఆరున్నర లక్షల ఎకరాలు కావాలి. సముద్రంలో డ్రెడ్జర్‌కు దూరంగా పోయి తలుపులు తెరిస్తే పని అయిపోతుంది. నేల మీద మన్నుకు తలుపులు లేవు, ఎవరో ఒకరి చేను ఉంటుంది. తుంగభద్ర విషయంలోనూ ఇంజనీర్లు ఈ లెక్కే వేసుకుని, పూడిక తీసే ఖర్చుకు ఇంకో చోట జలాశయం కట్టుకోవచ్చన్నారు. కర్ణాటక నవలి దగ్గర జలాశయం ప్రతిపాదన పట్టుకుని తిరుగుతున్నది అందుకే.

అంటే తవ్వడం వృథా అని ఒప్పుకున్నట్టేనా? ఇక్కడే నా ఆలోచన రెండు దారులు పట్టి లాగుతుంది. కోరంగి గుర్తొస్తుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన, ఓడలు నిండిన రేవు. తుపాన్లు కొంత, గోదావరి ఒండ్రు కొంత కలిసి దాన్ని మామూలు పల్లెను చేశాయి. విశాఖ ఆ దారి పట్టలేదంటే, తొంభై ఏళ్లుగా ఎవరో ఒకరు తవ్విన చోటే మళ్లీ తవ్వుతున్నారు కాబట్టే. మా బంధువు ఒక మాటన్నాడు: "మేం తవ్వింది ఎవరికీ కనపడదు మాస్టారూ. తవ్వకపోతేనే కనపడతాది." అక్కడ మట్టి దిమ్మెలు వదలడం కుదరదు. తవ్వక ముందు ఒకసారి, తవ్వాక ఒకసారి సర్వే పడవ శబ్దాన్ని అడుగుకు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కొలుస్తుంది. రెండు పటాలకూ ఉన్న తేడాకే డబ్బులు. తేడాను అమ్ముకునే వ్యాపారం! ఇంకా తమాషా ఏమిటంటే, రేవు అడ్డుకట్టలు ఇసుకను ఆపేయడంతో ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోసుకుపోతోంది. అందుకని అడ్డుకట్ట దగ్గర చేరిన ఇసుకను డ్రెడ్జర్ ఎత్తి, ఓడ ముందు నుంచి పైకి విరజిమ్మో, గొట్టాలతో పంపో, బీచ్‌కు తిరిగి ఇస్తుంది. నడిచిపోవాల్సిన ఇసుకను మనమే ఆపి, మనమే మోసి అవతల దించుతున్నాం. రేవులో దోషం, బీచ్‌లో సొత్తు. కృష్ణా డెల్టా తీరం కోతకు కారణాల్లో పైన డ్యాముల్లో ఆగిపోయిన ఒండ్రు కూడా ఒకటని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. అంటే సోమశిల దగ్గర నేను పొరలు విప్పి చూసిన ఆ మన్ను కోసం అక్కడ హంసలదీవి వైపు సముద్రపు ఒడ్డు ఎదురుచూస్తోంది. ఒకే మన్ను, చేరాల్సిన చోటికి చేరక రెండు చోట్లా నష్టమే చేస్తోంది.

కాబట్టి నాకు తోచింది ఇది. పెద్ద డ్యాములో పేరుకున్నది చాలా వరకు పోయినట్టే, దాని మీద ఆశలు పెట్టుకుని మాటలు చెప్పేవాళ్లను నమ్మక్కర్లేదు. చెరువు అలా కాదు. దాని పూడిక మన చేతికందేంత, మన చేలు తాగేంత. అక్కడ ఏటేటా తీయడమే దారి, ఒక పథకంగా వచ్చి ఒక పథకంగా పోవడం కాదు. రేవును చూసి నేర్చుకోవాల్సింది యంత్రం కాదు, ఆ ఏటా పద్దు. విశాఖ రేవు ఖర్చుల్లో డ్రెడ్జింగ్‌కు ఒక గడి శాశ్వతంగా ఉంటుంది, ఎవరు కుర్చీలో ఉన్నా సరే. మన చెరువు పద్దులో ఆ గడి ఎక్కడ?

ఇప్పుడు మా చుట్టూ పాలమూరు-రంగారెడ్డి జలాశయాలున్నాయి. నార్లాపూర్, ఏదుల, వట్టెం, కరివెన, ఉద్దండాపూర్. శ్రీశైలం వెనుక జలాల నుంచి, అదీ వరద రోజుల్లో నీళ్లు ఎత్తిపోసుకునేందుకు ఉద్దేశించినవి. వరద నీళ్లతో ఒండ్రు రాకుండా ఉండదు. ఈసారి మీ ఊరికి ఇంజనీరో నాయకుడో వచ్చి ఇన్ని టీఎంసీలు, ఇన్ని లక్షల ఎకరాలు అని చెప్పినప్పుడు చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టాక మూడు సంగతులు అడగండి: ఏటా ఎంత పూడుతుందని లెక్క వేశారు, దాన్ని తీసేదెవరు, తీసి ఎక్కడ పోస్తారు. జవాబు ఫైల్లో లేకపోతే అక్కడే కూర్చోబెట్టి రాయించండి.